గంజాయి కేసు అప్పీల్: తీర్పునే సవాలు చేయాలా, శిక్ష తగ్గించమని అడగాలా?

ఎన్‌డీపీఎస్ (మాదకద్రవ్యాల నిరోధక చట్టం) కేసులో ప్రత్యేక కోర్టు శిక్ష వేశాక హైకోర్టుకు వెళ్లడానికి గడువు 60 రోజులు. ఆ టెన్షన్‌లో చాలామందికి శిక్ష తగ్గించమని అడగడమే తేలిక అనిపిస్తుంది. కానీ గంజాయి 20 కిలోలు దాటితే అది వాణిజ్య పరిమాణం. కనీస శిక్షే 10 ఏళ్లు, లక్ష రూపాయల జరిమానా. మొదటి తప్పని, ఇంట్లో చిన్నపిల్లలున్నారని ఎంత మొరపెట్టుకున్నా కోర్టు అంతకంటే కిందికి దిగలేదు. 12, 15 ఏళ్లు పడినవాళ్లకే ఆ దారి పనికొస్తుంది.

తీర్పునే సవాలు చేయడంలో శ్రమ ఎక్కువ. అయినా నా మొగ్గు దానికే. పంచనామాను అక్షరం అక్షరం చదవాలి. శాంపిళ్లు మేజిస్ట్రేట్ ఎదుట తీశారా? సీలు వేసిన ప్యాకెట్ ల్యాబ్‌కు చేరేదాకా ఎవరి దగ్గరుంది? బస్తాలో విడి ఆకులు, గింజలు కూడా కలిపి తూచారా? చట్టం ప్రకారం గంజాయి అంటే పూత, కాయ ఉన్న కొనలు. కొనలు లేని విడి ఆకులు, గింజలు లెక్కలోకి రావు. 22 కిలోల కేసులో ఈ ఒక్క పాయింటు నిలబడితే, నేరం రుజువైనా 10 ఏళ్ల కనీస శిక్ష తప్పుతుంది.

నిందితుడు దర్యాప్తు అధికారి ముందు ఒప్పుకున్నాడన్నదే ఆధారమైతే, అలాంటి ఒప్పుకోలు సాక్ష్యంగా చెల్లదన్న 2020 నాటి సుప్రీంకోర్టు తూఫాన్ సింగ్ తీర్పు చూపించాలి. గెజిటెడ్ అధికారి లేదా మేజిస్ట్రేట్ ఎదుట తనిఖీ కోరే హక్కునిచ్చే సెక్షన్ 50 మీద మాత్రం అతిగా ఆశ పెట్టుకోవద్దు, అది ఒంటి మీద తనిఖీకే, సంచికి కాదు.

ఒకే అప్పీల్‌లో రెండూ అడగొచ్చు: ముందు నిర్దోషిగా వదలమని, కాదంటే శిక్ష తగ్గించమని.