కరెంటు తీగల మీద బ్రాడ్‌బ్యాండ్, మన బ్యాండ్‌లో నాయిస్: క్యాన్సలరా, లూపా, నాచా?

హామ్ రేడియోలో, అంటే సరదాకు నడిపే వైర్‌లెస్‌లో, 40 మీటర్ల బ్యాండ్ (7 మెగాహెర్ట్జ్ నుంచి మొదలయ్యే ఫ్రీక్వెన్సీలు) మీద ఎక్కడో దూరపు స్టేషన్ మన కాల్‌సైన్ (స్టేషన్ గుర్తింపు పేరు) సగం పలికి హోరులో మునిగిపోతే ఎంత బాధగా ఉంటుందో రిగ్ (రేడియో సెట్) ముందు కూర్చునేవాళ్లకే తెలుసు. కరెంటు తీగలు 50, 60 హెర్ట్జ్ కోసం వేసినవి. వాటి మీద 2 నుంచి 30 మెగాహెర్ట్జ్ దాకా ఇంటర్నెట్ డేటా ఎక్కిస్తే, ఆ తీగే వీధి పొడవునా యాంటెన్నా అయి కూర్చుంటుంది.

ఖర్చు పెట్టే ముందు నాయిస్ ఎక్కడిదో తేల్చుకోండి. ఇంటి మెయిన్ ఆపేసి రిగ్‌ను బ్యాటరీ మీద నడపండి. హోరు పోయిందంటే అది మీ ఇంట్లోదే, ఏ ఛార్జరో పవర్‌లైన్ అడాప్టరో అయి ఉంటుంది. పోకపోతే డయల్‌ను మెల్లగా 7.000 మెగాహెర్ట్జ్ కిందికి తిప్పండి. బ్యాండ్ అంచు దాటగానే ఎస్-మీటర్ (సిగ్నల్ బలం చూపే మీటర్) ముల్లు ఒక్కసారిగా పైకి లేచిందా? అయితే బ్రాడ్‌బ్యాండే అని గట్టిగా అనుమానించవచ్చు. హామ్ బ్యాండ్‌లను వదిలేసేలా దానికి నాచ్ పెట్టారన్నమాట, అంటే ఆ ఫ్రీక్వెన్సీల్లో మాత్రం సిగ్నల్ తగ్గించారు.

రిగ్‌లో ఉండే నాయిస్ బ్లాంకర్ మీద ఆశ పెట్టుకోకండి. అది స్పార్కుల్లాంటి చిటపటల కోసం చేసింది. డేటా నడుస్తున్నప్పుడు వచ్చే నిరంతరపు హోరు దానికి లొంగదు.

ఫేజ్ క్యాన్సలర్ మంచి పరికరమే. రెండో యాంటెన్నాతో నాయిస్‌ను పట్టి, ఫేజ్ తిప్పి, అసలు సిగ్నల్‌లోంచి తీసేస్తుంది. నాయిస్ ఒక్కచోట నుంచి వస్తే అద్భుతంగా పనిచేస్తుంది. కానీ ఇక్కడ వీధి తీగంతా నాయిసే. ఒకవైపు తగ్గిస్తే ఇంకోవైపుది మిగులుతుంది, ఫ్రీక్వెన్సీ మార్చిన ప్రతిసారీ నాబ్‌లు మళ్లీ సర్దాలి. ఒక రేడియో పోటీ రాత్రంతా వాటితో కుస్తీ పట్టి విసిగిపోయాను.

వినడానికి మాత్రమే వాడే చిన్న రింగు యాంటెన్నాకే, అంటే రిసీవింగ్ లూప్‌కే నా ఓటు. తిప్పితే నాయిస్ పూర్తిగా పోతుందని కాదు, పొడవాటి తీగ విషయంలో ఆ లాభం తక్కువే. దాని గొప్పతనం చిన్నగా ఉండటంలో ఉంది. కరెంటు తీగకు దూరంగా ఏ మూలనైనా పెట్టుకోవచ్చు, పొడవాటి తీగ యాంటెన్నా అయిన డైపోల్‌ను అలా జరపలేం. కోక్స్‌ను (యాంటెన్నా కేబుల్‌ను) 31 రకం ఫెర్రైట్ రింగులో కొన్ని చుట్లు తిప్పండి, లేకపోతే కేబుల్ బయటి లోహపు అల్లికే నాయిస్ మోసుకొస్తుంది. ట్రాన్స్‌మిట్ చేసేటప్పుడు లూప్ ప్రీయాంప్‌ను (సిగ్నల్ పెంచే సర్క్యూట్‌ను) వేరుచేసే రిలే స్విచ్ మాత్రం మరిచిపోవద్దు.

బలహీన సిగ్నల్‌ను కంప్యూటర్‌తో చదివే డిజిటల్ పద్ధతి ఎఫ్‌టీ8 కొంత ఆదుకుంటుంది, నిజమే. కానీ మాట్లాడుకోవాలనుకునేవాళ్లకు అది ఏం సరిపోతుంది?

వీటన్నిటికంటే మేలు, నాయిస్ పుట్టేచోటే నాచ్ పెట్టించడం. ఈ మోడెమ్‌లు డేటాను వందల సన్నని క్యారియర్‌లుగా విడదీసి పంపుతాయి, కాబట్టి హామ్ బ్యాండ్‌లో పడేవాటిని ఆపేయడం ఆ బ్రాడ్‌బ్యాండ్ నడిపేవాళ్ల చేతిలో పనే. 30 డెసిబెల్స్ నాచ్ అంటే, ఎస్-మీటర్ మీద ఒక్కో ఎస్ యూనిట్‌కు 6 డెసిబెల్స్ చొప్పున, ఎస్9 హోరు ఎస్4కు దిగుతుంది. ఏ లూపూ అంత ఇవ్వదు. అమెరికాలో టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ 2004లోనే ఇలాంటి వ్యవస్థలకు నాచ్ పెట్టగలిగే సామర్థ్యం ఉండాలని రూలు పెట్టింది. అక్కడితో సరిపోదని హామ్‌ల సంఘం ఏఆర్‌ఆర్‌ఎల్ కోర్టుకెక్కితే, 2008లో కోర్టు ఆ నిబంధనల్లో కొంత భాగాన్ని ఎఫ్‌సీసీకే తిప్పి పంపింది.

నాచ్ పెట్టించమని ఫిర్యాదు చేయాలంటే రికార్డు కావాలి. తేదీ, సమయం, ఫ్రీక్వెన్సీ, యాంటెన్నా పెట్టినప్పుడూ తీసినప్పుడూ ఎస్-మీటర్ ఎంత చూపింది, పక్కనే అర నిమిషం ఆడియో. లూప్ కట్టడం కంటే ముందే ఈ లాగ్ మొదలుపెట్టండి.