తీగ లాగేవాళ్ళకు విజయనగరంలో ఒక మంచి గిటార్ సెటప్

విజయనగరం గంటస్తంభం చుట్టుపక్కల సందుల్లో ఉన్న ఈ వాయిద్యాల రిపేరు కొట్టు బయటినుంచి చూస్తే ఎలక్ట్రిక్ గిటార్‌కు పని జరిగే చోటులా కనిపించదు. గోడవారన విప్పిన వీణ కుండ, బల్ల మీద మైనం గిన్నె, మూలన తిత్తి ఊడిన హార్మోనియం. గిటార్లు లోపలి గదిలో ఉంటాయి. అయినా బ్రిటిష్ బ్లూస్ దారిలో వాయించాలనుకునేవాళ్ళు సెటప్ (మెడ, మెట్లు, తీగల ఎత్తు వాయింపుకు తగ్గట్టు సరిచేయడం) కోసం ముందు ఇక్కడికే వెళ్ళాలని మా సలహా. ఇక్కడి మేస్త్రీ వీణ పని నుంచి వచ్చినవాడు. స్వరం పైకి జరిగేలా తీగను పక్కకు లాగడమంటే ఏమిటో ఆయన చేతికి తెలుసు.

చాలా కొట్లలో సెటప్ అంటే తీగల ఎత్తు దించెయ్యడమే. తీగ మెట్టుకు (ఫ్రెట్‌కు) ఎంత దగ్గరైతే అంత మంచి పని అనుకుంటారు. కార్డ్స్ (కొన్ని స్వరాలు ఒకేసారి) పట్టేవాళ్ళకు అది హాయిగానే ఉంటుంది. ఎరిక్ క్లాప్టన్, పీటర్ గ్రీన్, మిక్ టేలర్ వాయింపు నేర్చుకునేవాళ్ళకు మాత్రం అది పనికిరాదు. 1965 నుంచి 1969 లోపు ఈ ముగ్గురూ ఒకరి తరవాత ఒకరు జాన్ మేయల్ బ్యాండ్ బ్లూస్‌బ్రేకర్స్‌లో లీడ్ గిటార్ పట్టారు. ముగ్గురి శైలికీ ప్రాణం తీగ లాగుడే. మరీ దించేసిన గిటార్ మీద 15వ మెట్టు దగ్గర మొదటి తీగను రెండు స్వరస్థానాలు పైకి లాగి చూడండి, నాదం సగంలో చచ్చిపోతుంది. మెట్ల పలక చదునుగా ఉండదు, నడుమ ఉబ్బి అంచులు వాలి ఉంటాయి. అంచున ఉన్న తీగను నడుమకు లాగేసరికి అది ఎదుటి మెట్టుకు తగిలి ఆగిపోతుంది. ఫెండర్ కంపెనీ పాత గిటార్లలో పలక వంపు వ్యాసార్థం 7.25 అంగుళాలు, గిబ్సన్ కంపెనీ లెస్ పాల్ తరహాలో 12 అంగుళాలు. వ్యాసార్థం తగ్గేకొద్దీ ఉబ్బు ఎక్కువ, ఈ బాధా ఎక్కువే.

ఇక్కడ గిటార్ చేతికివ్వగానే వచ్చే మొదటి ప్రశ్న: “ఏ మెట్టు మీద ఎంతవరకు లాగుతారు బాబూ?” మిగతా పనంతా ఆ జవాబును బట్టే నడుస్తుంది. వీణ మీద ఒక్క మెట్టునుంచే తీగను లాగి మూడు నాలుగు స్వరస్థానాలు పలికిస్తారు. బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో పనస కర్రతో చేసే వీణలకు 24 మెట్లు మైనంలో కూరుస్తారు. వాటిలో ఒకటి వెంట్రుకవాసి లేచినా గమకం తెగిపోతుంది. ఆ తేడాను వేలితో తడిమి పట్టడం అలవాటైన మనిషికి గిటార్ మెట్లు చూడటం కొత్త కాదు. తేడా ఒక్కచోట ఉంది. వీణ మెట్టును మైనం వేడిచేసి మళ్ళీ కూర్చోబెట్టవచ్చు, గిటార్ మెట్టును చాలావరకు ఆకురాయితో అరగదీయడమే దారి. అరిగిపోయింది తిరిగి రాదు. అందుకే ఆయన అనవసరంగా లెవలింగ్ (మెట్లన్నీ ఒకే ఎత్తుకు అరగదీయడం) చెయ్యడు, అడిగినా చెయ్యడు.

పని వరుస సరైనదే. పాత తీగలతోనే ముందు మెడ చూస్తాడు. మొదటి మెట్టు దగ్గర కాపో (తీగలను అదిమి పట్టే క్లిప్పు) బిగించి, చివరి మెట్టు దగ్గర తీగను నొక్కి, 7, 8 మెట్ల నడుమ సందు కొలుస్తాడు. 0.2 నుంచి 0.25 మి.మీ. ఉండేలా మెడ లోపలి ఉక్కు కడ్డీ, అంటే ట్రస్ రాడ్‌ను పావు చుట్టు కంటే తక్కువ చొప్పున తిప్పి, కాసేపు ఆగి మళ్ళీ కొలుస్తాడు. లెవలింగ్ నిజంగా అవసరమైతే మెట్ల తలలకు మార్కర్ పూసి, తిన్నని ఉక్కు బద్దకు 400 నంబరు ఉప్పుకాగితం అంటించి, రంగు అన్నిటి మీదా ఒకేలా పోయేదాకా రుద్దుతాడు. ఆ తరవాత చేసే పనే అసలైనది. చదునైన తలలను ఆకురాయితో మళ్ళీ గుండ్రం చేసి, 600, 1000, 2000 నంబర్ల కాగితంతో నునుపు పెడతాడు. ఈ గుండ్రం చేసే పనిని వదిలేసే కొట్లు చాలా ఉన్నాయి. చదును తలల మీద తీగ సితార్‌లా జుమ్మంటుంది, శ్రుతి కూడా సరిగ్గా నిలవదు. ఇక్కడ ఆ పొరపాటు జరగదు.

చివర్లో 12వ మెట్టు దగ్గర ఎత్తు సన్న తీగకు 1.6, లావు తీగకు 2 మి.మీ. చుట్టూ ఉంచుతాడు. 7.25 వంపు ఉంటే సన్న తీగ కింద 1.8కి తక్కువ పెట్టడు, పెట్టమని పట్టుబట్టకండి. తరవాత 12, 15, 17, 19 మెట్ల మీద మొదటి మూడు తీగలూ లాగి చూపిస్తాడు. ఫ్రీ బ్యాండ్‌లో పాల్ కొస్సాఫ్ వాయించినట్టు లాగిన తీగను పైనే పట్టి ఊపాలనుకునేవాళ్ళు ఒకటి గమనించాలి. మెట్టు ఎత్తు 0.8 మి.మీ. కన్నా తగ్గితే వేలి కండ చెక్కకు రాసుకుంటుంది, ఊపుకు పట్టు దొరకదు. అప్పటికి లెవలింగ్ దశ దాటిపోయింది, కొత్త మెట్లు వేయించాలి. ఆ మాట ఆయన ముందే చెబుతాడు.

తీగల సంగతి. అరవైల మొదట్లో ఇంగ్లండ్‌లో దొరికే సెట్లు లావుగా ఉండేవి, మూడో తీగకు కూడా చుట్టు ఉండేది. అప్పటి గిటారిస్టులు చాలామంది మొదటి తీగ చోట బాంజో తీగ వేసి, మిగతావి ఒక్కొక్క స్థానం కిందికి జరిపేవారు. బర్మింగ్‌హామ్‌లో బ్లాక్ సబ్బత్ గిటారిస్టు టోనీ అయోమీ ఫ్యాక్టరీ ప్రమాదంలో రెండు వేళ్ళ కొసలు పోగొట్టుకుని, వేళ్ళకు తొడుగులు తానే చేసుకుని, బాంజో తీగలతోనే మళ్ళీ గిటార్ పట్టాడు. సన్న తీగ వేసుకోవడం చిన్నతనం అనుకునేవాళ్ళు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. లెక్క ఇలా ఉంటుంది. 25.5 అంగుళాల ఫెండర్ తీగ పొడవు మీద 10 గేజి (మందం 0.010 అంగుళం) మొదటి తీగకు బిగువు సుమారు 7.3 కిలోలు, 9 గేజికి 6 కిలోలు. 24.75 అంగుళాల లెస్ పాల్ తీగ పొడవు మీద అదే 10 గేజి 6.9కి దిగుతుంది. కాబట్టి లెస్ పాల్ తరహాకు 10–46 (సన్న తీగ, లావు తీగల గేజి), ఫెండర్ తరహా మీద కొత్తగా లాగడం నేర్చుకునేవాళ్ళకు 9–42 వేయించుకోవడం మంచిది. గేజి మారితే మెడ వంపు, స్వరస్థానాల సరి రెండూ మళ్ళీ చూడాలి. కొట్టులో మామూలు సెట్లే ఉంటాయి. ప్యూర్ నికెల్ కావాలంటే మీరే తెచ్చుకోవాలి.

లాగి వదిలాక శ్రుతి తప్పితే అందరూ ముందు ట్యూనర్ బిరడాలను తిడతారు. తప్పు ఎక్కువసార్లు మెడ చివర తీగలు ఆనే గాడుల పట్టీ, అంటే నట్‌లో ఉంటుంది. మూడో తీగ గాడి ఇరుకై తీగ అక్కడ ఇరుక్కుంటుంది, ట్యూన్ చేసేటప్పుడు టిక్కుమని శబ్దం వస్తుంది. ఇక్కడ గాడిని తీగ మందానికి సరిపడా వెడల్పు చేసి, పెన్సిల్ గ్రాఫైట్ రాస్తారు. చిన్న పనే, ఫలితం మాత్రం మొత్తం సెటప్‌లో ఇదే ఎక్కువగా తెలుస్తుంది.

ఇక ఈ కొట్టుకు ఇవ్వకూడని పని: తీగ కదలికను విద్యుత్ సంకేతంగా మార్చే పికప్‌ల వైరింగు. పీటర్ గ్రీన్ 1959 లెస్ పాల్‌లో రెండు పికప్‌లూ కలిపి పెట్టినప్పుడు ముక్కుతో పాడినట్టు బోలుగా వచ్చే ఆ నాదం, మెడ వైపు పికప్‌లో అయస్కాంతం తిరగబడి ఉండటంవల్ల వచ్చింది. రెండింటి సంకేతాలు ఒకదానికొకటి ఎదురై, మంద్ర స్వరాలు చాలావరకు రద్దవుతాయి. ఆ నాదం కావాలంటే ఇక్కడ రెండు వైర్లను తారుమారు చేసి టంకం పెడుతున్నారు. ఒకే వైరు, పైన జాలీ అల్లిక ఉన్న పాత పద్ధతి పికప్‌లో అలా చేస్తే లోహపు మూతే సంకేతపు వైరుకు కలిసిపోతుంది, చెయ్యి తగిలినప్పుడల్లా గుయ్‌మంటుంది. సరైన పద్ధతి వేరు. మూత టంకం విప్పి, అడుగు స్క్రూలు వదులు చేసి, అయస్కాంతపు కడ్డీని బయటికి లాగి, ధ్రువాలు తారుమారయ్యేలా తిప్పి దూర్చాలి. తీగచుట్ట వెంట్రుక కన్నా సన్నం, స్క్రూడ్రైవర్ జారితే పికప్ పోయినట్టే. దీనికి విశాఖ వెళ్ళడమే మేలు. అక్కడ చేయించుకున్నాక రెండు వాల్యూములూ పూర్తిగా పెట్టి వినండి, ఒకటి తగ్గించేకొద్దీ ఆ బోలుతనం పోతుంది.

గిటారిస్టు జెఫ్ బెక్‌లా ట్రెమలో బ్రిడ్జిని (మీటతో స్వరాన్ని ఊపేదాన్ని) గాల్లో తేల్చి పెట్టించుకోవాలన్నా ఇది చోటు కాదు. ఇక్కడ దాన్ని గిటార్ ఒంటికి ఆనించి బిగించేస్తారు.

ఆంప్ గురించి కొంచెమే చెప్పాలి. క్లాప్టన్ 1966లో డెక్కా స్టూడియోలో మార్షల్ కాంబోను (ఆంప్, స్పీకర్లు ఒకే పెట్టెలో ఉండేదాన్ని) గట్టిగా తిప్పి వాయించాడు. వాల్వులు, స్పీకర్లు వాటి హద్దుదాకా వెళ్ళడంవల్లే ఆ నాదం. కొట్టులో ఉన్నది చిన్న ట్రాన్సిస్టర్ ఆంప్, సందులో అంత గట్టిగా పెట్టనివ్వరు కూడా. అందుకే డిస్టార్షన్ లేకుండా శుభ్రమైన నాదంతోనే పరీక్షించండి. తీగ ఆగిపోయే చోటు అందులోనే స్పష్టంగా దొరుకుతుంది. ఆంప్‌లో వినబడని సన్నని గలగలను పట్టించుకోనక్కర్లేదు. ఎర్త్ లేని ప్లగ్గులో పెడితే వచ్చే హమ్మును గిటార్ లోపమనుకుని పికప్ విప్పించకండి, ముందు మూడు పిన్నుల సాకెట్‌కు మార్చి చూడండి.

సెటప్‌కు తీగలు కాక 800 రూపాయలు, లెవలింగ్ కలిపితే 2500. రెండు రోజులు ఉంచుకుంటారు, మెడ కుదురుకోవడానికి ఆ మాత్రం వ్యవధి కావాలి. సముద్రం దగ్గరి ఊళ్ళలో గాలి తేమకు మెడ కదులుతుంది కాబట్టి వానలు పట్టాక ఒకసారి, మళ్ళీ సంక్రాంతి దాటాక ఒకసారి చూపించుకోవాలి. రెండోసారి ట్రస్ రాడ్ సరిచేసినందుకు డబ్బు తీసుకోరు. ట్రస్ రాడ్ తాళం ఒక్కో గిటార్‌కు ఒక్కో కొలత, మీ గిటార్‌తో వచ్చింది వెంట తీసుకెళ్ళండి. సాయంత్రం జనం ఎక్కువ, ఉదయం పదకొండు లోపు వెళ్తే దగ్గర కూర్చుని లాగి చూసి తీసుకోవచ్చు.