వైఫై డాంగిల్‌కి డ్రైవర్ ఎక్కడి నుంచి వేస్తే మేలు? సీడీ, కంపెనీ సైటు, విండోస్ అప్‌డేట్

హైదరాబాద్‌లో కొత్త కోచింగ్ బ్యాచ్‌లు మొదలైనప్పుడల్లా నన్ను చాలామంది ఒకటే అడుగుతుంటారు. అమీర్‌పేటలోనో దిల్‌సుఖ్‌నగర్‌లోనో హాస్టల్లో దిగుతారు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్లి అసెంబుల్డ్ పీసీ ఒకటి కొంటారు. బడ్జెట్ మదర్‌బోర్డు కాబట్టి అందులో వైఫై ఉండదు. హాస్టల్లో రౌటర్ వరండాలో ఉంటుంది, గది దాకా లాన్ కేబుల్ రాదు. దాంతో పీసీతో పాటే ఒక యూఎస్‌బీ వైఫై డాంగిల్ తీసుకుంటారు. "ఏం టెన్షన్ లేదన్నా, పెట్టంగనే వస్తది" అంటాడు షాపతను. చాలాసార్లు వస్తుంది కూడా. రానప్పుడు మొదలవుతుంది సమస్య. డాంగిల్‌ని పీసీ గుర్తించి నడపడానికి కావాల్సిన ప్రోగ్రామే డ్రైవర్. దానికోసం పెట్టెలోని సీడీ వేయాలా, కంపెనీ సైటు నుంచి దింపుకోవాలా, విండోస్ అప్‌డేట్‌కే వదిలేయాలా, డ్రైవర్లన్నీ వెతికిపెట్టే సాఫ్ట్‌వేర్ ఏదైనా వేసుకోవాలా?

వీటిలో దేనితోనైనా ఈరోజుకి నెట్ రావచ్చు. నేను చూసేది ఆర్నెల్ల తర్వాతి సంగతి. విండోస్‌కి పెద్ద అప్‌డేట్ పడుతుంది, లేదా లినక్స్ రకమైన ఉబుంటులో కర్నెల్ (సిస్టమ్‌కి గుండెలాంటి భాగం) మారుతుంది. అప్పుడు పాత డ్రైవర్ పనిచేయకపోతే కొత్తది ఎవరు తెచ్చిపెడతారు? మిగతా తేడాలన్నీ నాకు దీని తర్వాతే.

ముందు చిప్ సంగతి తేల్చుకోవాలి. డాంగిల్ మీద ఏ పేరున్నా లోపల ఉండేది ఎక్కువగా రియల్‌టెక్ చిప్, లేదంటే మీడియాటెక్‌ది. పాతవాటిలో ఎథెరోస్, రాలింక్ చిప్‌లు ఉంటాయి. డ్రైవర్ ఆ చిప్‌కే తప్ప పైనున్న బ్రాండ్‌కి కాదు. టీపీ-లింక్ వారి టీఎల్-డబ్ల్యూఎన్722ఎన్ తీసుకోండి. మొదటి వెర్షన్‌లో ఎథెరోస్ ఏఆర్9271 చిప్ ఉండేది. రెండో వెర్షన్ నుంచి రియల్‌టెక్ ఆర్‌టీఎల్8188ఈయూఎస్ వచ్చింది. పేరు అదే, డబ్బా అదే, డ్రైవర్ మాత్రం పూర్తిగా వేరు. "అదే మోడల్‌కి మా ఫ్రెండ్ వేసిన డ్రైవర్ నాకు పట్టట్లేదు" అనేవారిలో చాలామంది ఇబ్బంది ఇదే.

చిప్ ఏదో తెలుసుకోవడం తేలిక. డాంగిల్ పెట్టి విండోస్‌లో డివైస్ మేనేజర్ తెరవండి. డ్రైవర్ పడకపోతే "అదర్ డివైసెస్" కింద పసుపు గుర్తుతో కనిపిస్తుంది, చాలావరకు "802.11ఎన్ ఎన్‌ఐసీ" లాంటి పేరుతో. దాని ప్రాపర్టీస్‌లో డీటెయిల్స్ ట్యాబ్‌కి వెళ్లి హార్డ్‌వేర్ ఐడీస్ ఎంచుకుంటే వీఐడీ (కంపెనీ నంబర్), పీఐడీ (మోడల్ నంబర్) అని రెండు వస్తాయి. వీఐడీ 0బీడీఏ అయితే రియల్‌టెక్. 148ఎఫ్ అయితే రాలింక్. ఆ కంపెనీని 2011లో మీడియాటెక్ కొనేసింది కాబట్టి మీడియాటెక్ ఎంటీ7601యూ చిప్‌కీ ఆ పాత నంబరే ఉంటుంది. 2357 అని ఉంటే టీపీ-లింక్ సొంత నంబర్. అప్పుడు పీఐడీని కూడా కలిపి వెతికితేనే లోపలి చిప్ తెలుస్తుంది. ఆ రెండు నంబర్లు కాగితం మీద రాసిపెట్టుకోండి. ఇక ఏ దారిలో వెళ్లినా అవి పనికొస్తాయి.

ఇక సీడీ. ఇప్పుడొచ్చే పీసీల్లో, ల్యాప్‌టాపుల్లో సీడీ డ్రైవే ఉండదు. ఉన్నా, ఆ చిన్న డిస్క్‌లో ఉండేది డాంగిల్ తయారైన నాటి డ్రైవర్. కొన్నింట్లో విండోస్ 7, 8 దగ్గరే ఆగిపోయి ఉంటుంది. దాని గురించి ఇంతకన్నా చెప్పడానికి లేదు.

సీడీకి కొత్త రూపం ఒకటుంది. డ్రైవర్‌ని డాంగిల్ లోపలే పెట్టి, "డ్రైవర్ ఫ్రీ" అని రాసి అమ్ముతున్నారు. డాంగిల్ పెట్టగానే ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో సీడీ డ్రైవ్‌లా కనిపిస్తుంది. అందులో ఉన్న సెటప్ నడిపితే డ్రైవర్ ఎక్కుతుంది, డాంగిల్ వైఫై కార్డుగా మారుతుంది. చేతిలో నెట్ ఏమీ లేని మొదటి రోజున ఇది నిజంగా ఉపయోగమే. కానీ లోపల కాల్చిపెట్టిన డ్రైవర్ తర్వాత మారదు. పైగా ఉబుంటులో ఇదే తలనొప్పి అవుతుంది: డాంగిల్ సీడీ డ్రైవ్‌గానే ఉండిపోయి, ఐడీ 0బీడీఏ:1ఏ2బీ అని చూపిస్తుంది. ఆ సీడీ మీద ఎజెక్ట్ నొక్కితే చాలాసార్లు వైఫైగా మారుతుంది. మారకపోతే యూఎస్‌బీ-మోడ్‌స్విచ్ అనే ప్యాకేజీ వేయాలి.

అసలు పోటీ కంపెనీ సైటుకీ విండోస్ అప్‌డేట్‌కీ మధ్యే.

కంపెనీ సైటు తరఫున చెప్పాల్సింది చాలానే ఉంది. ఆ హార్డ్‌వేర్‌ని పరీక్షించి ఇచ్చిన డ్రైవర్ అది. 5 గిగాహెర్ట్జ్ (వైఫై వాడే బ్యాండ్లలో 2.4 కన్నా వేగమైనది) డాంగిల్స్‌లో విండోస్ ఇచ్చిన డ్రైవర్‌తో స్పీడ్ తక్కువగా వస్తూ, సైటులోని డ్రైవర్ వేశాక సర్దుకున్న సందర్భాలు నేను చూశాను. వీడియో కాల్ మధ్యలో కనెక్షన్ తెగిపోతుంటే కూడా ఒకసారి అది వేసి చూడటం న్యాయమే. అయితే సైటులో మోడల్ పేరుతో పాటు హార్డ్‌వేర్ వెర్షన్ కూడా సరిగ్గా ఎంచుకోవాలి. డాంగిల్ మీదో పెట్టె మీదో ఉండే స్టిక్కర్ మీద సీరియల్ నంబర్ పక్కన "వెర్ 2.0" అని చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఇక రెండు మూడు వందలకు దొరికే పేరు లేని డాంగిల్స్‌కి అసలు సైటే ఉండదు. అలాంటివాటికి ఎవరో పెట్టిన డ్రైవర్ కోసం తెలియని సైట్లు పట్టుకుని తిరగాల్సి వస్తుంది. ఆ తిరుగుడు వద్దనే చెబుతాను. డ్రైవర్ నడిచేది కర్నెల్ స్థాయిలో. కంప్యూటర్ మొత్తం దాని చేతిలో పెడుతున్నట్టే. "ముందు డ్రైవర్ సిగ్నేచర్ చెకింగ్ ఆపేయండి" అని, అంటే డ్రైవర్ నమ్మదగినదేనా అని విండోస్ చూసే పరీక్షని ఆపమని, సూచనల్లో రాసి ఉంటే ఆ పేజీ అక్కడే మూసేయండి.

సైటు డ్రైవర్‌కి ఉన్న పెద్ద లోటు నా మొదటి ప్రశ్న దగ్గరే బయటపడుతుంది. మోడల్ అమ్మకాలు ఆగిన కొన్నాళ్లకు కంపెనీ ఆ పేజీని పట్టించుకోవడం మానేస్తుంది. చివరి డ్రైవర్ కింద విండోస్ 10 అనే ఉంటుంది. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది కాబట్టి చాలామంది 11కి మారారు, మారుతున్నారు. 11లో కోర్ ఐసొలేషన్ కింద మెమరీ ఇంటెగ్రిటీ అనే రక్షణ ఉంది. కొన్ని పాత డ్రైవర్లను అది లోపలికి రానివ్వదు. అలాంటప్పుడు మళ్లీ మీరే వెతుక్కోవాలి, అదీ వైఫై లేకుండా.

విండోస్ అప్‌డేట్‌లో ఆ వెతుకులాట ఉండదు. హార్డ్‌వేర్ ఐడీ చూసి సరిపోయే డ్రైవర్ అదే తెస్తుంది. పేరు లేని డాంగిల్ అయినా లోపలున్నది రియల్‌టెక్ చిప్ కాబట్టి ఆ చిప్ డ్రైవర్ వచ్చేస్తుంది. తర్వాత కొత్తది వస్తే అదీ వస్తుంది, కొన్నిసార్లు "ఆప్షనల్ అప్‌డేట్స్"లో డ్రైవర్ అప్‌డేట్స్ కింద మీరు టిక్ పెట్టేదాకా ఆగుతుంది. నా ఓటు దీనికే.

"వైఫై కోసమే డ్రైవర్ కావాలంటే, డ్రైవర్ కోసం నెట్ ఎక్కడి నుంచి తేవాలి?" అని అడిగేవారికి జవాబు జేబులోనే ఉంది. ఆండ్రాయిడ్ ఫోన్‌ని డేటా కేబుల్‌తో పీసీకి కలిపి, హాట్‌స్పాట్ సెట్టింగ్స్‌లో యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి. విండోస్‌కి అది మామూలు నెట్‌వర్క్ కార్డులా కనిపిస్తుంది, సాధారణంగా విడిగా డ్రైవర్ అక్కర్లేదు. ఛార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చే కేబుల్‌తో ఇది పనిచేయదు, అది చూసుకోండి. ఐఫోన్ అయితే ముందు యాపిల్ డ్రైవర్ కావాలి కాబట్టి పక్క గదిలో ఎవరిదైనా ఆండ్రాయిడ్ అడగడం నయం. వైఫై డ్రైవర్ సైజు చిన్నదే. కానీ కొత్తగా వేసిన విండోస్ ఆగిఉన్న అప్‌డేట్లన్నీ ఒకేసారి లాగడం మొదలుపెడితే ఆ రోజు డేటా ప్యాక్ అయిపోతుంది. డాంగిల్ పనిచేయడం మొదలవగానే కేబుల్ తీసేయండి.

టెథరింగ్ కుదరనివారికి ఇంకో దారి ఉంది. ఎక్కువమందికి తెలియదు కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. మైక్రోసాఫ్ట్ అప్‌డేట్ కేటలాగ్ అని ఒక సైటు ఉంది. విండోస్ అప్‌డేట్ ఇచ్చే డ్రైవర్లే అక్కడ విడిగా దింపుకోవచ్చు. స్నేహితుడి ల్యాప్‌టాప్‌లో ఆ సైటు తెరిచి, మీరు కాగితం మీద రాసుకున్న నంబర్లను హార్డ్‌వేర్ ఐడీ రూపంలోనే (డివైస్ మేనేజర్‌లో కనిపించినట్టే, USB\VID_...&PID_... లాగా) కొట్టండి. వచ్చిన వాటిలో మీ విండోస్‌కి తగిన, కొత్త తేదీ ఉన్న దాన్ని తీసుకోండి. అది క్యాబ్ ఫైల్‌గా (జిప్ లాంటిది) వస్తుంది. విప్పి ఒక ఫోల్డర్‌లో పెట్టి, పెన్ డ్రైవ్‌లో మీ పీసీకి తెచ్చుకోండి. డివైస్ మేనేజర్‌లో అప్‌డేట్ డ్రైవర్ నొక్కి, "బ్రౌజ్ మై కంప్యూటర్"లో ఆ ఫోల్డర్ చూపిస్తే చాలు. ఏ సెటప్ ప్రోగ్రామూ ఉండదు, కంపెనీవారి అదనపు యుటిలిటీ కూడా ఎక్కదు. పేరు లేని డాంగిల్‌కి నేను మొదట ప్రయత్నించేది ఇదే.

సైటు డ్రైవర్, విండోస్ డ్రైవర్ రెండూ ఎక్కించి ఉంటే ఒకదాన్ని తీసేయాల్సిన పని లేదు. అప్‌డేట్ డ్రైవర్‌లోనే "లెట్ మీ పిక్" అని ఉంటుంది. అక్కడ వెర్షన్ నంబర్లతో రెండూ కనిపిస్తాయి. ఒకటి పెట్టి రెండు రోజులు వాడి, ఇంకోదానికి మారి పోల్చుకోవచ్చు. కొత్త డ్రైవర్ పడ్డాక పరిస్థితి చెడిపోతే డ్రైవర్ ట్యాబ్‌లో రోల్ బ్యాక్ ఉంది.

డ్రైవర్లు వెతికిపెట్టే సాఫ్ట్‌వేర్లు వద్దు. వాటికీ నెట్ కావాలి, పైగా అడగని ప్రోగ్రాములు కొన్ని వెంట తెస్తాయి. విండోస్ అప్‌డేట్ ఊరికే చేసే పనికి డబ్బు అడుగుతాయి.

డ్రైవర్ మార్చే ముందు ఇంకో మాట. డ్రైవర్ తప్పు కాని వాటికి కూడా డ్రైవర్నే మార్చుకుంటూ పోవడం చూస్తుంటాను. 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే పట్టే డాంగిల్‌కి ఇంట్లో 5 గిగాహెర్ట్జ్ నెట్‌వర్క్ పేరు ఎన్ని డ్రైవర్లు మార్చినా కనిపించదు. పెట్టె మీద ఎంత పెద్ద అంకె వేసినా, లోపల ఆర్‌టీఎల్8188 చిప్ ఉంటే దాని పరిమితి సెకనుకి 150 మెగాబిట్లే. కూకట్‌పల్లి, అమీర్‌పేట లాంటి చోట్ల ఒక్క అపార్ట్‌మెంట్‌లోనే డజన్ల కొద్దీ రౌటర్లు 2.4లో పోటీ పడుతుంటాయి, అక్కడ అంత కూడా రాదు. యూఎస్‌బీ 3 పోర్టులు, హార్డ్ డిస్కులు కూడా 2.4 సిగ్నల్‌కి అడ్డుపడతాయి. డాంగిల్‌ని క్యాబినెట్ వెనక గుచ్చకుండా చిన్న ఎక్స్‌టెన్షన్ కేబుల్‌తో టేబుల్ మీదికి తెస్తే తేడా కనిపిస్తుంది. కాసేపు వాడకపోతే నెట్ పోతుంటే, డాంగిల్ ప్రాపర్టీస్‌లో పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్ తెరిచి, కరెంటు ఆదా కోసం దాన్ని ఆపేసే టిక్ తీసేయండి.

ఉబుంటు వాడేవారికి ఇదే పోటీ ఇంకా గట్టిగా ఉంటుంది: కర్నెల్‌లోనే ఉన్న డ్రైవరా, గిట్‌హబ్ (కోడ్ పంచుకునే సైటు) నుంచి తెచ్చి కంపైల్ చేసే, అంటే కోడ్‌ని మన పీసీలోనే ప్రోగ్రామ్‌గా మార్చుకునే డ్రైవరా? టెర్మినల్‌లో ఎల్‌ఎస్‌యూఎస్‌బీ కొడితే చిప్ ఐడీ వస్తుంది. ఎంటీ7601యూ అయితే 2015లో వచ్చిన 4.2 కర్నెల్ నుంచీ డ్రైవర్ లోపలే ఉంది. ఎంటీ7612యూకి 4.19 నుంచి, వైఫై 6 చిప్ ఎంటీ7921ఏయూకి 5.18 నుంచి ఉంది. ఇవి పెట్టగానే పనిచేస్తాయి, కర్నెల్ మారినా డ్రైవర్ దానితో పాటే వస్తుంది.

రియల్‌టెక్ దగ్గరే చిక్కు. మార్కెట్లో బాగా అమ్ముడయ్యే ఆర్‌టీఎల్8811ఏయూ, 8812ఏయూ చిప్‌లకు చాలా ఏళ్లు కర్నెల్‌లో డ్రైవర్ లేదు. బయటి డ్రైవర్‌ని కంపైల్ చేసి వేసుకోవాల్సి వచ్చేది. అలా వేసినది కర్నెల్ మారగానే పోతుంది. డీకేఎంఎస్ ద్వారా వేస్తే కొత్త కర్నెల్‌కి దానంతట అదే మళ్లీ కంపైల్ అవుతుంది. కానీ ఆ కోడ్ కొత్త కర్నెల్‌కి సరిపడకపోతే అదీ ఆగిపోతుంది. అప్పుడు పీసీ ఆన్ అవుతున్నప్పుడు వచ్చే గ్రబ్ మెనూలో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌కి వెళ్లి పాత కర్నెల్‌తో బూట్ చేసి నెట్ తెచ్చుకోవాలి. సెక్యూర్ బూట్ (నమ్మకమైన సంతకం లేని కోడ్‌ని ఆపే రక్షణ) ఆన్‌లో ఉంటే ఇంకో మెట్టు ఉంది. డ్రైవర్ వేసేటప్పుడు ఒక పాస్‌వర్డ్ అడుగుతుంది. రీస్టార్ట్ అవగానే వచ్చే నీలం తెరలో "ఎన్‌రోల్ మోక్" ఎంచుకుని అదే పాస్‌వర్డ్ కొట్టాలి. ఆ తెరని చూసి కంగారుపడి "కంటిన్యూ బూట్" నొక్కేస్తే డ్రైవర్ ఎక్కినట్టే ఉంటుంది, వైఫై మాత్రం రాదు.

2025లో వచ్చిన 6.14 కర్నెల్ నాటికి ఈ రెండు చిప్‌ల డ్రైవర్ కూడా లోపలికి వచ్చేసింది. ఉబుంటు 24.04 మొదట 6.8 కర్నెల్‌తో వచ్చింది కాబట్టి అందులో ఇవి పెట్టగానే పనిచేయవు. హెచ్‌డబ్ల్యూఈ కర్నెల్‌కి (అదే ఉబుంటుకి ఇచ్చే కొత్త కర్నెల్) మారితే, లేదా 24.04.3 నుంచి తర్వాతి ఐఎస్ఓతో (ఇన్‌స్టాల్ ఫైల్) కొత్తగా వేసుకుంటే కంపైల్ చేసే పని తప్పుతుంది. ఇప్పటికే గిట్‌హబ్ డ్రైవర్ వేసి ఉన్నవారు కొత్త కర్నెల్‌కి మారాక పాతదాన్ని తీసేయండి. రెండూ ఉంటే ఒకదానికొకటి అడ్డుపడతాయి.

ఇంకా డాంగిల్ కొననివారు, ముఖ్యంగా లినక్స్ కోర్సులో చేరినవారు, షాపులో స్పీడ్ కాకుండా చిప్ పేరు అడగండి. అతనికి తెలియకపోతే ఆ మోడల్ పేరు, వెర్షన్ నంబర్ ఫోన్‌లో అక్కడే వెతకండి. మీడియాటెక్ అని తేలితే వంద రెండొందలు ఎక్కువైనా తీసుకోండి. విండోస్ మాత్రమే వాడేవారికి రియల్‌టెక్ అయినా ఫర్వాలేదు. షాపులో పీసీ ఆన్ చేసి ఉండగానే డాంగిల్ పెట్టించి, డివైస్ మేనేజర్‌లో పసుపు గుర్తు లేదని చూసుకుని, బిల్లు తీసుకోండి.