పలుచని గుల్లా, మందపు గుల్లా: ఆకుపచ్చ ఎండ్రకాయ దేన్ని పడుతుంది?

మిర్యాలగూడ దగ్గర మా పొలం సాగర్ ఎడమ కాలువ కింద ఉంటుంది. నాట్లప్పుడు గట్టు మీద కూర్చుని చూశాను: ఎండ్రకాయ ఒక నత్తను పెద్ద డెక్కతో పట్టుకుని, తిప్పి తిప్పి చూసి, అంచును కొద్దికొద్దిగా విరుస్తోంది. అప్పటి నుంచి అమెరికా తూర్పు తీరాన్ని పీడిస్తున్న ఆకుపచ్చ ఎండ్రకాయ గురించి చదువుతున్నాను. యూరప్‌కు చెందిన ఈ జీవి 1817 నాటికే అక్కడ కనిపించింది.

అక్కడ దానికి దొరికేవాటిలో ముఖ్యమైనవి రెండు రకాల గుల్లలు, అంటే రెండు చిప్పల మధ్య కండ ఉండే సముద్ర జీవులు. మెత్త గుల్లకు చిప్ప పలుచన, పైగా పూర్తిగా మూసుకోదు, కండ కొంత బయటికే ఉంటుంది. ఎండ్రకాయ బురద తవ్వి, తేలిగ్గా పగలగొట్టేస్తుంది. ఆ తీరంలోని మెయిన్ (Maine) అనే రాష్ట్రంలో ఈ గుల్లలు ఏరుకుని బతికేవాళ్ల కడుపు కొట్టింది ఇదే.

గట్టి గుల్ల అలా కాదు. బిగించి మూసుకుంటుంది, చిప్ప మందం. గోరంత పిల్లల్ని ఎండ్రకాయ నలిపేస్తుంది గానీ, ముదిరినవాటి జోలికి పెద్దగా పోదు. ఎంతసేపు కష్టపడితే ఎంత తిండి దొరుకుతుందన్నదే దాని లెక్క.

నన్నడిగితే పెంచేవాళ్లకు గట్టి గుల్లే మేలు. అయినా పిల్లలు వేసినప్పుడు వల కప్పాల్సిందే. మెత్త గుల్లకు లోతే రక్ష: పెరిగేకొద్దీ బురదలో జానెడు లోతుకు దిగుతుంది. గండమంతా ఆ లోపే.