నాలుగేళ్ళ నీలి వెలుతురు: మా మెరైన్ ట్యాంక్ లైటు సంగతి

మా హాల్లో మెరైన్ ట్యాంక్ పెట్టి ఆరేళ్ళు దాటింది. మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అంతే ఎత్తు. నిండా పోస్తే 190 లీటర్ల ఉప్పునీళ్ళు. ఇన్నేళ్ళలో మూడు లైట్లు మారాయి. ఇప్పుడున్నది 165 వాట్ల ఎల్‌ఈడీ, అక్వేరియం వాళ్ళు 'బ్లాక్ బాక్స్' అనే నల్లడబ్బా రకం. దానికి రెండే నాబ్‌లు, ఒకటి నీలానికి, ఒకటి తెలుపుకు. యాప్ లేదు, వైఫై లేదు. నాలుగేళ్ళు వాడాక రాస్తున్నాను.

అసలు లైటు ఎంత కావాలో తేల్చుకోకుండా కొనడమే మనవాళ్ళు చేసే పెద్ద పొరపాటు. నేనూ చేశాను. ట్యాంకులో పెంచే కోరల్స్ అంటే పగడపు జీవులు; విదేశీ వీడియోల్లో చెప్పే లెక్కలు ఎక్కువగా అక్రోపోరా లాంటి గట్టి కోరల్స్ కోసం. మన దగ్గర దిబ్బలు కట్టే గట్టి కోరల్స్ అన్నిటినీ, విసనకర్రలా ఉండే సీ ఫ్యాన్ కోరల్స్‌తో సహా, 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో చేర్చారు. పులి ఉన్న షెడ్యూలే. షాపులో "ఏం కాదు సార్, అందరూ పెడుతున్నారు" అంటారు. వినకండి. అవి పోగా మనం పెంచుకునేవి మష్రూమ్‌లు, జోవాంథిడ్‌లు, లెదర్ కోరల్ లాంటి మెత్తనివి. వాటి ఒంట్లో ఉండే సన్నటి నాచు వెలుతురుతో ఆహారం తయారుచేసి పెడుతుంది. ఆ నాచుకు పనికొచ్చే వెలుతురును కొలిచే లెక్కే పార్. అక్రోపోరాకు 250, 300 కావాలేమో గానీ, మెత్తటి కోరల్స్‌కు 50 నుంచి 150 చాలు. అంటే అరలక్ష పెట్టి దిగుమతి లైటు కొనాల్సిన పనే లేదు.

మొదట పెట్టింది మొక్కల ట్యాంకుకు వాడే తెల్ల ఎల్‌ఈడీ. మష్రూమ్‌లు బతికాయి కానీ అన్నీ మట్టిరంగే. తర్వాత టీ5 అనే సన్నటి ట్యూబులైట్లు, 39 వాట్లవి నాలుగు. నిజం చెప్పాలంటే వెలుతురు పరుచుకోవడంలో దాన్ని మించింది ఇప్పటికీ చూడలేదు. ఎక్కడా నీడ పడదు. కానీ విశాఖలో మే నెల, పైన నాలుగు ట్యూబుల వేడి, నీళ్ళు 31 డిగ్రీలకు పోయేవి. పైగా ట్యూబు వెలుగుతున్నా పది పన్నెండు నెలలకు దాని రంగు మారిపోతుంది, మార్చాల్సిందే. ఇక్కడ దొరకవు. ఒకసారి తెప్పిస్తే నాలుగింటిలో రెండు పగిలి వచ్చాయి. ఆ రోజే టీ5కి దండం పెట్టేశాను.

నల్లడబ్బా వచ్చిన వారంలోనే నా చేతులారా కొంప ముంచుకున్నాను. నీలిరంగు మన కంటికి మసకగా కనిపిస్తుంది. పాత ట్యూబుల కాంతితో పోల్చి 'ఇదేంటి ఇంత డల్‌గా ఉంది' అని రెండు నాబ్‌లూ 80 శాతానికి తిప్పాను. అయిదో రోజుకు మష్రూమ్‌లు ముడుచుకుపోయాయి, లెదర్ కోరల్ పాలిపోయింది. వెలుతురు మితిమీరితే కోరల్ తనలోని నాచును బయటికి గెంటేస్తుంది, అందుకే ఆ తెలుపు. నీలం 25, తెలుపు 5కి దించి, వారానికి అయిదు శాతం చొప్పున పెంచుకుంటూ వచ్చాను. రంగు తిరిగి రావడానికి రెండు నెలలు పట్టింది. ఆ రెండు నెలల టెన్షన్ పగవాడికి కూడా వద్దు.

తర్వాత తెలిసినవాళ్ళ దగ్గర పార్ మీటర్ అరువు తెచ్చాను. నీలం 50, తెలుపు 15 దగ్గర రాళ్ళ మీద 130, ఇసుక మీద 75, రెండు చివర్లలో 40 కూడా లేదు. ఈ డబ్బా అసలు లోపం అదే, మధ్యలో గుమ్మరిస్తుంది, అంచులకు అందదు. నీటికి ఆరంగుళాల ఎత్తులో ఉన్నదాన్ని పన్నెండుకు లేపితే కొంత సర్దుకుంది. ఫోన్‌లో లక్స్ యాప్ పెట్టి కొలిచే ఉద్దేశం ఉంటే మానుకోండి. లక్స్ మనిషి కంటికి కనపడే వెలుగు లెక్క, నీలాన్ని సరిగా పట్టుకోదు.

కరెంటు సంగతి. ఈ సెట్టింగ్‌లో ప్లగ్ మీటర్ 55 వాట్లు చూపిస్తుంది. రోజుకు తొమ్మిది గంటలకు నెలకు 15 యూనిట్లు. టీ5కి 42 దాకా అయ్యేది. టైమర్ మధ్యాహ్నం ఒంటిగంట నుంచి రాత్రి పదికి పెట్టాను. పొద్దున్నే వెలిగితే చూసేవాళ్ళెవరు? కోరల్‌కు తొమ్మిది గంటలు దొరికితే చాలు, ఏ తొమ్మిదైనా ఒకటే.

ఇక మొరాయింపులు. రెండో ఏడు నీలం వైపు డ్రైవర్, అంటే ఎల్‌ఈడీలకు కరెంటు సరిచేసి ఇచ్చే భాగం, పోయింది. అమ్మినవాళ్ళు ఫోనెత్తలేదు. వీధి చివర టీవీలు బాగుచేసే అతను అదే రేటింగ్ ఉన్న డ్రైవర్ వేసి ఇచ్చాడు, ఇప్పటికీ నడుస్తోంది. యాప్ లైటుకైతే ఆ వైద్యం కుదరదు. మా ఊరి ఉప్పుగాలికి గేట్లే తుప్పుపడతాయి, ట్యాంక్ మీద తుంపర తోడైతే స్క్రూలు నిలుస్తాయా? మూడు మార్చాను. లెన్సుల మీద తెల్లగా ఉప్పు పేరుకుంటుంది, పదిహేను రోజులకోసారి ప్లగ్ తీసి తడిగుడ్డతో తుడవాలి.

చూపు విషయానికొస్తే, నీలం ఒక్కటే వేస్తే జోవాంథిడ్‌లు నిప్పుకణికల్లా మెరుస్తాయి. మా అత్తయ్యగారు మాత్రం "ఇదేం బారు లైటమ్మా" అంటూ ఉంటారు. అందుకే భోజనాల వేళ తెలుపు కాస్త పెంచుతాను. ఫోన్‌తో ఫొటో తీస్తే అంతా నీలిమందే, కెమెరా ముందు నారింజరంగు ఫిల్టర్ పెడితే గానీ అసలు రంగులు రావు.

మూడడుగుల వరకు, మెత్తటి కోరల్స్ పెంచేవాళ్ళు నిశ్చింతగా కొనొచ్చు. నాలుగడుగులైతే ఒకటి సరిపోదు, రెండు కావాలి. లోపలి ఫ్యాన్ మోత వల్ల నిశ్శబ్దం కోరుకునేవాళ్ళకు పడదు. వారం నుంచి మాదాని ఫ్యాన్ మళ్ళీ గరగరమంటోంది, ఆదివారం విప్పాలి.