బీట్‌పోర్టా, బ్యాండ్‌క్యాంపా: పేరు రాని ప్రొడ్యూసర్‌కి ఏది మేలు?

టెక్నో, హౌస్ లాంటి ఎలక్ట్రానిక్ డాన్స్ ట్రాక్‌లు చేసే కొత్తవాళ్లకి ఎప్పుడూ ఉండే టెన్షన్ ఇది: ముందు ఎక్కడ అమ్మాలి? డీజేలు ట్రాక్‌లు కొనుక్కునే బీట్‌పోర్ట్ ఆన్‌లైన్ స్టోర్‌లోనా, ఆర్టిస్టులు నేరుగా శ్రోతలకి అమ్ముకునే బ్యాండ్‌క్యాంప్ సైట్‌లోనా?

ఖర్చు: బ్యాండ్‌క్యాంప్‌లో పేజీ ఉచితం. డిజిటల్ అమ్మకాల్లో 15 శాతం తీసుకుంటుంది, పేమెంట్ ఛార్జీలు వేరు. బీట్‌పోర్ట్‌కి లేబుల్ (సంగీతం విడుదల చేసే సంస్థ), డిస్ట్రిబ్యూటర్ (స్టోర్లకి చేర్చే సంస్థ) ద్వారా వెళ్లాలి. అందరి వాటాలూ పోగా మిగిలిందే మనది.

శ్రమ: బ్యాండ్‌క్యాంప్‌లో శ్రోతల్ని మనమే వెతుక్కోవాలి. కొన్నవాళ్లు ఒప్పుకుంటే వాళ్ల ఈమెయిల్ చేతికొస్తుంది. నా లెక్కలో అది చాలా విలువైనది.

రిస్క్: అసలు తేడా ఇక్కడే. బీట్‌పోర్ట్‌లో ఒక్కో జానర్‌కి (సంగీత శైలికి) టాప్ 100 చార్ట్ ఉంటుంది. అందులో ఉన్న ట్రాక్ అందరి కంటా పడి ఇంకా అమ్ముడవుతుంది, బయట ఉన్నది కంటికి ఆనదు. సాల్గానిక్, డాడ్స్, వాట్స్ అనే పరిశోధకులు 14 వేల మందికి పైగా శ్రోతలతో చేసి 2006లో ప్రచురించిన ప్రయోగంలో తేలిందీ ఇదే. ఏ పాటని ఎంతమంది డౌన్‌లోడ్ చేశారో శ్రోతలకి కనిపించగానే హిట్లకీ మిగతా పాటలకీ మధ్య దూరం పెరిగింది, ఏది పైకొస్తుందో చెప్పడం మరింత కష్టమైంది. కాబట్టి చార్ట్‌లోకి రాలేదని మీ ట్రాక్‌ని తక్కువ చేసుకోకండి.

క్లబ్‌లో వాయించే ట్రాక్ అయి, వెనక లేబుల్ ఉంటే బీట్‌పోర్ట్. చిన్న లేబుళ్లకి అక్కడ హైప్ చార్ట్ విడిగా ఉంది. యాంబియంట్ (బీట్ కంటే వాతావరణానికి ప్రాధాన్యమిచ్చేది), ప్రయోగాత్మక సంగీతమైతే, అభిమానులు కొద్దిమందే ఉన్నా, బ్యాండ్‌క్యాంప్.