ఊడిన పింగాణీ పెచ్చుకు నోట్లోనే మరమ్మతు: ఏళ్ల తరబడి వాడిన కిట్‌పై సమీక్ష

లోహపు చట్రం మీద పింగాణీ కాల్చి తయారుచేసిన క్యాపులు, బ్రిడ్జిలు ఏళ్ల తరబడి చక్కగా నిలిచి, ఒకరోజు ముందు పంటి అంచున పెచ్చు ఊడిపోవడం ఏ దంతవైద్యుడికైనా తరచూ ఎదురయ్యే సమస్యే. ఒక్క క్యాపు అయితే తీసి కొత్తది వేయవచ్చు. నాలుగైదు పళ్ల బ్రిడ్జిని కోసి తీయాలంటే మాత్రం ఆధారపు పళ్లకు ప్రమాదం, రోగికి మళ్లీ పూర్తి ఖర్చు. అందుకే పింగాణీకి కాంపోజిట్ రెసిన్‌ను (పంటి రంగులో ఉండే పూత పదార్థాన్ని) అంటించే మరమ్మతు కిట్‌ను నా క్లినిక్‌లో చాలా ఏళ్లుగా వాడుతున్నాను. ఇందులో 9 శాతం హైడ్రోఫ్లోరిక్ ఆమ్లపు జెల్, పింగాణీని రెసిన్‌తో కలిపే సైలేన్ ద్రవం, బాండింగ్ ద్రవం, లోహపు రంగును కప్పే ఒపేకర్ ఉంటాయి.

పాతకాలపు ఫెల్డ్‌స్పార్ పింగాణీ మీద ఈ పద్ధతి ఇచ్చే ఫలితం నన్ను ఎన్నడూ నిరాశపరచలేదు. విరిగిన అంచును డైమండ్ బర్‌తో ఏటవాలుగా అరగదీసి, జెల్‌ను 90 సెకన్లు ఉంచి, నీటితో కడిగి ఆరబెడితే, అద్దంలా మెరిసిన పింగాణీ మసకబారి తెల్లగా కనిపిస్తుంది. ఆమ్లం గాజు భాగాన్ని తినేయగా ఏర్పడిన సన్నని గుంతల్లోకి రెసిన్ దిగి పట్టుకుంటుంది. అయితే ఆ తెలుపులో కొంత, కడిగినా పోకుండా మిగిలిన లవణాల పొర కూడా కావచ్చు. అందువల్ల ఫాస్ఫారిక్ ఆమ్లాన్ని ఒక నిమిషం పాటు సున్నితంగా రుద్ది మళ్లీ కడుగుతాను. ఆ పొర మీదే రెసిన్ అంటిస్తే అతుకు పొరతో పాటే ఊడి వస్తుంది. లిథియం డైసిలికేట్ అనే గాజు సెరామిక్‌తో చేసిన క్యాపు అయితే 5 శాతం ఆమ్లంతో 20 సెకన్లు చాలు. ఎక్కువసేపు ఉంచితే సెరామిక్ బలహీనపడుతుంది.

నా దృష్టిలో ఈ కిట్ మొత్తానికి ప్రాణం సైలేన్ సీసా. దాని అణువు ఒక కొసతో సెరామిక్‌లోని సిలికాను, మరో కొసతో రెసిన్‌ను పట్టుకుంటుంది కాబట్టి గుంతల పట్టుకు రసాయన బంధం తోడవుతుంది. కలిపి సిద్ధంగా అమ్మే ఒంటిసీసా సైలేన్ వాడుకకు సులువే కానీ, మూత తెరిచాక ఎక్కువ కాలం నమ్మదగినది కాదు. మన ఎండాకాలంలో దానిలోని ఆల్కహాల్ త్వరగా ఆవిరైపోతుంది. చుక్క నీటిలా తేటగా ఉండాలి. పాలు కలిసినట్టు మబ్బుగా కనిపిస్తే ఆ సీసాను గడువు తేదీ చూడకుండానే పారేస్తాను. రెండు సీసాల రకం ధర ఎక్కువైనా, అప్పటికప్పుడు కలుపుకునేది కావడంతో దానివైపే మొగ్గుతాను. సైలేన్‌ను పలుచగా పూసి, ఒక నిమిషం ఆగి, గోరువెచ్చని గాలితో ఆరబెట్టాకే బాండింగ్ ద్రవం పూయాలి.

జిర్కోనియా అనే గట్టి సెరామిక్ విషయంలో మాత్రం ఈ కిట్‌ను సిఫారసు చేయలేను. దానిలో గాజు భాగం లేనందున ఈ ఆమ్లం పూసినా పట్టుకు కావలసిన గరుకు ఏర్పడదు, సిలికా లేనందున సైలేన్‌కూ పట్టు దొరకదు. అక్కడ 50 మైక్రాన్ల అల్యూమినా పొడిని తక్కువ పీడనంతో చిమ్మి, 10-ఎండీపీ (ఫాస్ఫేట్ కొసతో జిర్కోనియాను పట్టుకునే అణువు) ఉన్న ప్రైమర్ పూయాలి. పీఎఫ్ఎం క్యాపులో, అంటే లోహం మీద పింగాణీ కాల్చిన క్యాపులో, బయటపడిన లోహానికీ ఇంచుమించు ఇదే దారి. ఎండీపీలోని ఫాస్ఫేట్ పట్టుకోవలసిన చోటును ఫాస్ఫారిక్ ఆమ్లం ముందే ఆక్రమిస్తుంది కనుక, పింగాణీకి మేలు చేసిన ఆ శుభ్రత జిర్కోనియాకు చేటు చేస్తుంది. క్యాపు ఏ పదార్థంతో చేసినదో తెలియకుండా సీసా మూత తీయకూడదని నేను గట్టిగా చెప్పేది ఇందుకే.

రబ్బర్ డ్యామ్ (పంటిని మిగతా నోటి నుంచి, ఉమ్మి నుంచి వేరుచేసే రబ్బరు పొర) లేకుండా నోట్లో హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం వాడటాన్ని నేను అంగీకరించను. చిగురుకు తగిలితే కణజాలం లోతుగా కాలుతుంది, నొప్పి మాత్రం ఆలస్యంగా తెలియవచ్చు. ఈ ఆమ్లపు గాయానికి పూసే కాల్షియం గ్లూకోనేట్ జెల్ చేతికందే చోట ఉండాలి. డ్యామ్ వల్ల మరో మేలు కూడా ఉంది: సైలేన్ పూసిన చోట ఉమ్మి తడి తగిలితే అంతవరకు చేసిన శ్రమ అంతా వృథా అవుతుంది.

మన్నిక సంగతికొస్తే, కొరుకుడు బరువు నేరుగా పడని ముందు పళ్ల మీద ఈ మరమ్మతులు బాగా నిలుస్తున్నాయి. కాలక్రమంలో కాంపోజిట్ మెరుపు తగ్గుతుంది. టీ, కాఫీ ఎక్కువగా తాగేవారిలో అతుకు గీత కాస్త గోధుమరంగుకు మారుతుంది. మళ్లీ పాలిష్ చేస్తే చాలావరకు సర్దుకుంటుంది. దవడ పళ్ల మీద, ముఖ్యంగా నిద్రలో పళ్లు నూరే అలవాటు ఉన్నవారిలో, పెచ్చు ఊడటానికి కారణమైన ఒత్తిడి అలాగే ఉంటుంది. కనుక ఆర్టిక్యులేటింగ్ పేపర్‌తో (పళ్లు తగిలే చోట రంగు అంటించే కాగితంతో) కాటు సరిచేసి, రాత్రిపూట పళ్లకు తొడుక్కునే గార్డు ఇవ్వనిదే అటువంటి పంటికి మరమ్మతు మొదలుపెట్టను. క్యాపు కింద పన్ను పుచ్చి ఉంటే మరమ్మతు మాటే ఎత్తకుండా క్యాపు తీయిస్తాను.